మూకుడు ముందు నిలబడ్డవాళ్లు

పత్రికలో ఎలా రాశారో అలాగే చేసిందామె. ఏడేళ్ల తర్వాత ఆ దేశపు సుప్రీంకోర్టు కూడా సరిగ్గా ఈ విషయాన్నే పట్టుకుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఆమె కొలత తప్పలేదు, తొందరపడలేదు, సొంత తెలివి వాడలేదు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చేసింది.

దేశం చిలీ. సంవత్సరం 2004. రాజధాని శాంటియాగో నుంచి వెలువడే పెద్ద దినపత్రికల్లో 'లా తెర్సెరా' ఒకటి. దానికి 'ముహెర్' అని స్త్రీల అనుబంధం ఉండేది. మన ఆదివారం పుస్తకాల్లో ఉన్నట్టే అందులోనూ వంటల పేజీ ఉండేది. ఆ ఏడాది ఒక సంచికలో ఇంట్లోనే చురోస్ చేసుకునే విధానం వేశారు.

చురోస్ ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ మాల్స్‌లో కూడా దొరుకుతున్నాయి కాబట్టి మన పిల్లలకు కొత్త కాదు. సరుకులు చాలా తక్కువ. మరిగే నీళ్లలో మైదా పోసి ముద్దగా కలిపి, చుక్క బిళ్ల వేసిన గొట్టంతో కాగిన నూనెలోకి ఒత్తుతారు. జంతికలు వత్తిన చేతికి ఆ గొట్టం పనితనం వేరే చెప్పక్కర్లేదు. పుట్టిల్లు స్పెయిన్. మాడ్రిడ్‌లో శాన్ హినెస్ అనే అంగడి 1894 నుంచి వీటిని చిక్కటి చాక్లెట్ కప్పుతో కలిపి అమ్ముతోంది. మెక్సికో నగరంలో 1935లో మొదలైన ఎల్ మోరో ముందు ఇవాళ్టికీ వరస కడతారు. దాల్చిన చెక్క పొడి కలిపిన పంచదారలో దొర్లించడం మెక్సికో వైపు నుంచి అమెరికా అంతా పాకిన అలవాటు. చిలీవాళ్లకైతే లోపల 'మన్హార్' ఉండాలి. పాలూ పంచదారా కలిపి గోధుమరంగు తిరిగేదాకా కాచిన ముద్ద అది. సముద్రతీరంలో వేసవి సెలవుల్లో ఇసకలో తిరుగుతూ అమ్ముతారు. సాయంత్రం టీ వేళను అక్కడ 'ఓన్సే' అంటారు. చాలా ఇళ్లలో రాత్రి భోజనం మానేసి, టీ, రొట్టె, ఏదో ఒక చిరుతిండితో ఆ పూట గడిపేస్తారు. బజార్లో కొనే చురోస్ ఇంట్లో వేడివేడిగా చేసి పిల్లల ముందు పెట్టొచ్చంటే ఏ తల్లికైనా సరదా పుడుతుంది.

గాయపడ్డవాళ్ల పేర్లు ఇక్కడ రాయను. వాళ్లు మామూలు గృహస్థులు, వాళ్ల బాధకు మన దగ్గర ప్రచారం అక్కర్లేదు. కింద వచ్చే వంటిల్లు కూడా ఏ ఒక్కరిదీ కాదు. కోర్టు తేల్చిన విషయాలను బట్టి, ఆ ఇళ్లలో ఏం జరిగి ఉంటుందో ఒకచోటికి తెచ్చి రాస్తున్నాను.

పేజీని గట్టు మీద పరిచి, ఎగరకుండా ఒక మూల పంచదార డబ్బా పెట్టింది. వేళ్లకు మైదా. చదివిన వాక్యం దగ్గర బొటనవేలి ముద్ర తెల్లగా పడింది. నీళ్లు మరిగాయి, పిండి పోసింది, గరిటెతో గట్టిగా తిప్పింది. ముద్ద గిన్నె అంచులు వదిలి ఒక్కటిగా వచ్చింది. అంతవరకూ అంతా బాగానే ఉంది. ఇంకో పొయ్యి మీద నూనె పెట్టి, ఎంత కాగాలని పత్రికలో ఉందో అంతదాకా ఆగింది.

"అమ్మా, నూనె మరీ కాగిపోలేదూ?"

"పేపర్లో ఇలాగే ఉండాలని రాశారమ్మా."

మొదటి ముక్క జారవిడిచింది. మునిగింది, తేలింది. చుట్టూ నురగ. చూస్తుండగానే పైన రంగు తిరిగింది. ఇంత త్వరగానా అనుకుంటూ, రెండో వైపు తిప్పుదామని చిల్లుల గరిటె పట్టుకుని కాస్త ముందుకు వంగింది. నురగ తగ్గింది. లోపలి తడి ఆరిపోయిందని ఎవరైనా అనుకుంటారు. నిజానికి ఆ తడి బయటికి వచ్చే దారి మూసుకుపోయింది.

టపాకాయ పేలినట్టు శబ్దం. ముక్క మూకుడులోంచి ఎగిరిపడింది. దానితోపాటు నూనె కూడా. ముంజేయి, మెడ, గడ్డం. ఏమైందో తెలిసేలోగా రెండో ముక్క కూడా పేలింది. పొయ్యి కట్టేద్దామంటే మీట మూకుడుకు అవతల ఉంది. ఆ మీట అందుకోవడానికి చాచిన చేతి మీదే మూడోసారి పడింది.

ఆ పత్రిక వెలువడిన కొద్దిరోజుల్లోనే చిలీలో చాలాచోట్ల ఆసుపత్రులకు స్త్రీలు ఒకే రకం కాలిన గాయాలతో రావడం మొదలైంది. ఒక ఊళ్లో ఒక ఇంట్లో అయితే అజాగ్రత్త అంటాం. మొహమెరగని ఇంతమంది, కొద్దిరోజుల తేడాతో, ఒకే పిండివంట చేస్తూ, ఒకేలా కాలడం అజాగ్రత్త కాదు. వాళ్లందరి గట్టు మీదా ఉన్నది ఒకే పేజీ.

పిండి ఎందుకు పేలుతుంది? ఇది తెలియకుండా ఈ కథ అర్థం కాదు.

చురోస్ పిండి మామూలు చపాతీ పిండి వంటిది కాదు. మరిగే నీళ్లలో మైదా పడగానే అందులోని గంజి పదార్థం ఉబ్బి, నీటిని తనలో బిగించుకుంటుంది. అందుకే ముద్ద మెత్తగా, సాగుతూ, చేతికి అంటీ అంటనట్టు ఉంటుంది. అంటే దానినిండా నీళ్లే. అలాంటి ముద్ద 180 డిగ్రీల సెల్సియస్ నూనెలో పడితే పైపొర నెమ్మదిగా గట్టిపడుతుంది. ఈలోగా లోపలి నీరు ఆవిరై చిన్నచిన్న సందుల్లోంచి బయటికి పోతుంటుంది. మనం చూసే నురగంతా ఆ ఆవిరే. నూనె అంతకు మించి బాగా కాగి ఉంటే పైపొర క్షణాల్లో పెంకులా బిగుసుకుపోతుంది. లోపలికి వేడి చేరుతూనే ఉంటుంది, నీరు ఆవిరవుతూనే ఉంటుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. పెంకు ఎంతవరకు ఆపగలదో అంతవరకు ఆపి, ఆపైన ఒక్కసారిగా పగులుతుంది.

సంక్రాంతికి పాలకాయలు వేయించిన కోస్తా ఇళ్లవాళ్లకు ఇది అనుభవమే. పిండి సరిగా జల్లించకపోయినా, ఉండ మరీ నున్నగా బిగించి చుట్టినా అది నూనెలో టప్పున పేలి మూకుడు బయట పడుతుంది. "దూరంగా ఉండండే" అని పెద్దవాళ్లు పిల్లల్ని కసిరేది అందుకే.

చుక్క బిళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చురో ఒంటి మీద ఉన్న గాడులు అందానికి పెట్టినవని చాలామంది అనుకుంటారు. గాడులు ఉంటే నూనె తగిలే పైభాగం పెరుగుతుంది, ఏ చోటా పిండి మరీ మందంగా ఉండదు, లోపలిదాకా సమంగా ఉడుకుతుంది, ఆవిరి తప్పించుకోవడానికి పలచటి చోట్లు దొరుకుతాయి. అదే పిండిని నున్నటి గుండ్రటి కడ్డీలా చేసి నూనెలో వేస్తే పేలే ప్రమాదం బాగా ఎక్కువ. స్పెయిన్‌లో చురోస్ అమ్మేవాళ్లు చుక్క బిళ్లను వదలకపోవడానికి ఇదొక కారణం.

గాయపడ్డవాళ్లు కోర్టుకెక్కారు. ఇది తేలిక నిర్ణయం కాదు. పెద్ద ప్రచురణ సంస్థ ఒకవైపు, ఇంట్లో వంట చేస్తూ కాలిన ఆడవాళ్లు ఒకవైపు. "వంటింట్లో నూనె చిందడం మామూలేగా, దానికి పేపరేం చేస్తుంది" అనే మాట వాళ్లు ఎన్నిసార్లు విని ఉంటారో ఊహించుకోవచ్చు. మన ఇళ్లలోనైనా మొదట వచ్చే మాట అదే. కాలిన చేతిని చూసి "చూసుకోవద్దూ?" అనేవాళ్లే గాని, ఆ వంట ఎవరు ఎలా రాశారని అడిగేవాళ్లు ఉండరు.

కేసు పైకోర్టులు దాటి చిలీ సుప్రీంకోర్టు చేరింది. 2011 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఆ విధానాన్ని అచ్చు వేయడానికి ముందు పత్రిక పూర్తిగా పరీక్షించి చూడలేదని న్యాయమూర్తులు తేల్చారు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చేసిన పాఠకులకు, నూనె అక్కడ చెప్పిన వేడికి చేరాక, పిండి పేలి గాయాలయ్యే అవకాశం బలంగా ఉందన్నారు. తప్పు వంట చేసినవాళ్ల నుంచి వంట రాయించినవాళ్ల మీదికి మారింది.

నష్టపరిహారం 13 మందికి కలిపి సుమారు 1,25,000 అమెరికా డాలర్లు. ఆనాటి మారకం లెక్కన మన డబ్బులో 60 లక్షల పైనే. అందరికీ సమానంగా కాదు, గాయాన్ని బట్టి. అతి తక్కువ వచ్చినవారికి 279 డాలర్లు, అంటే 15 వేల రూపాయల లోపు. గాయాలు మరీ తీవ్రంగా ఉన్న ఒక మహిళకు 48,000 డాలర్లు, దాదాపు పాతిక లక్షలు. మొత్తం పరిహారంలో మూడో వంతుకు పైగా ఆ ఒక్కరికే వెళ్లిందంటే ఆమె ఏ స్థితిలో ఆసుపత్రికి చేరి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. పత్రికను నడిపే కోపేసా సంస్థ తీర్పుకు కట్టుబడతామంది.

ఏడేళ్లు. ఒక పేజీలో పట్టే వంట గురించి తీర్పు రావడానికి అన్నేళ్లు పట్టింది. అప్పటికి ఆ మచ్చలు పాతబడిపోయి ఉంటాయి.

నన్ను ఈ తీర్పులో అన్నిటికన్నా పట్టి ఆపింది డబ్బు కాదు. పరీక్షించి చూడలేదు అన్న మాట. మన ఆదివారం అనుబంధాల్లో వంటల పేజీ అంటే ఖాళీ నింపే పేజీ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. సంపాదకీయాన్ని నలుగురు దిద్దుతారు, రాజకీయ వార్తలో ఒక్క అంకె తప్పితే మర్నాడు సవరణ వేస్తారు. వంటల పేజీలో "నూనె బాగా కాగాక" అని రాసి వదిలేస్తారు. బాగా అంటే ఎంత? అనుభవం ఉన్న చేతికి అది తెలుసు, మంటను బట్టి, నూనె కదలికను బట్టి పోల్చుకుంటుంది. కొత్తగా పెళ్లయి వేరే ఊళ్లో కాపురం పెట్టిన అమ్మాయికి, హాస్టల్ గదిలో ఇండక్షన్ పొయ్యి మీద మొదటిసారి మూకుడు పెట్టిన కుర్రాడికి తెలియదు. సంపాదకీయం నచ్చకపోతే పేజీ తిప్పేస్తారు గాని, వంటల పేజీని మాత్రం చెప్పినట్టు చేస్తారు. కత్తిరించి డైరీలో అతికించుకుంటారు. ఇరవై ఏళ్ల తర్వాత కూతురు ఆ డైరీ తీసి చేస్తుంది. ఇంతగా నమ్మే పాఠకులు పత్రికలో ఇంకే పేజీకీ లేరని నా గట్టి నమ్మకం. వంట రాసేవాళ్లు ఎవరైనా సరే, ఇంకొకరి వంటింట్లో తమ మాట మీద ఒక మనిషి కాగిన నూనె ముందు నిలబడుతుందని గుర్తుపెట్టుకుని రాయాలి.

చురోస్ మానేయమని చెప్పడానికి ఇదంతా రాయలేదు. ఇంట్లో నిక్షేపంగా చేసుకోవచ్చు, అందులోనూ ఒక్కొక్కటి ఒక్కో ముద్దలో అయిపోయే చిన్న ముక్కలుగా చేస్తే మరీ సులువు. కొలతలు నేను కనిపెట్టినవి కావు. కరోనా వల్ల 2020 మార్చి 14 నుంచి కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ మూతపడింది. అక్కడికి వెళ్లినవాళ్లు చేతిలో పట్టుకు తిరిగే తినుబండారాల్లో చురోస్ ముందుంటాయి. తలుపులు మూసి ఉన్న ఆ వసంతంలో డిస్నీవాళ్లు వాటిని ఇంట్లో చిన్న ముక్కలుగా చేసుకునే విధానం బయటపెట్టారు. ఇళ్లలో చిక్కుకుపోయిన ఎంతోమంది ఆ కొలతలతోనే చేసుకున్నారు. డిస్నీల్యాండ్ మళ్లీ తెరుచుకున్నది 2021 ఏప్రిల్ 30న.

ఒక కప్పు నీళ్లలో 8 టేబుల్ స్పూన్ల వెన్న, అంటే సుమారు 115 గ్రాములు, పావు చెంచా ఉప్పు, పావు చెంచా దాల్చిన చెక్క పొడి వేసి మరిగించాలి. మన దగ్గర దొరికే వెన్నలో ఉప్పు ఉంటే విడిగా వేయక్కర్లేదు. మరిగాక మంట తగ్గించి ఒకటింపావు కప్పు మైదా ఒకేసారి పోసి, ముద్ద అయ్యేదాకా గట్టిగా తిప్పి దింపేయాలి. మైదాను ముందే జల్లించుకోండి, ఉండలు మిగలకూడదు. దింపిన ముద్దను ఐదు నుంచి ఏడు నిమిషాలు ఆరనివ్వాలి. ఆ తర్వాత మూడు గుడ్లు, ఒక్కొక్కటిగా, మొదటిది పూర్తిగా కలిశాకే రెండోది. వేడి ముద్దలో గుడ్డు కొడితే అది పిండిలో కలవకుండా అట్టులా ఉడికిపోతుంది. గుడ్డు పడగానే ముద్ద విడిపోయి జారుతున్నట్టు కనిపిస్తుంది, కంగారుపడకండి, తిప్పుతుంటే నున్నగా దగ్గరికొస్తుంది. గుడ్డు ఇక్కడ రుచికే కాదు. అది కలిసిన పిండికి సాగే గుణం వస్తుంది, లోపల ఆవిరి పుడుతుంటే ముక్క ఉబ్బి చోటిస్తుంది. ఒట్టి మైదా, నీళ్ల పిండి కన్నా ఇది కొత్తవాళ్లకు మంచిదనడానికి అదొక కారణం.

డిస్నీవాళ్లు పిండిని నేరుగా మూకుడు పైన పట్టి ఒత్తుతూ కత్తితో కోయమన్నారు. ఇది మాత్రం నేను ఒప్పుకోను. కొత్త చెయ్యి నూనెకు అంత దగ్గరగా వెళ్లకపోవడమే మేలు. పిండిని చుక్క బిళ్ల వేసిన గొట్టంలోకో, క్రీము సంచిలోకో మధ్యలో గాలి చిక్కకుండా అదిమి నింపండి. నూనె రాసిన బటర్ పేపర్ మీద పొడవుగా ఒత్తి, కత్తెరతో అంగుళం ముక్కలు చేయండి. జారుడుగా అనిపిస్తే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. అంగుళం ముక్కకు రెండు కొసలూ తెగి ఉంటాయి, మధ్యభాగం నూనెకు ఎంతో దూరం ఉండదు, కాబట్టి లోపల ఆవిరి బిగుసుకునే వీలు తక్కువ. జేనెడు చురో కన్నా చిన్న ముక్క మీదే నాకు నమ్మకం.

ఇక నూనె. లోతైన మూకుడులో సగానికి మించి పోయొద్దు. వేడి 175 నుంచి 180 డిగ్రీల సెల్సియస్. వంటింటి థర్మామీటర్ ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. చీరల మీద, మొబైల్ కవర్ల మీద పెట్టే ఖర్చులో అది లెక్కలోకి రాదు, కొనండి. లేకపోతే చిటికెడు పిండి వేసి చూడండి. చుట్టూ నెమ్మదిగా బుడగలు వస్తూ పైకి తేలితే సరిపోయినట్టు. పడీపడగానే ఎర్రబడితే వేడి ఎక్కువైనట్టే, పొయ్యి కట్టేసి చల్లారనివ్వండి. నూనెలోంచి పొగ వస్తుంటే ఇక పిండి వేయనే వద్దు. ఒక్కో వాయికి కొన్ని ముక్కలే, అవి కదలడానికి చోటుండాలి. చెయ్యి ఎత్తు నుంచి విసరకుండా చిల్లుల గరిటె మీద పెట్టి జార్చండి. తడి గరిటె పెట్టొద్దు. బంగారు రంగు తిరిగాక తీసి కాగితం మీద వేసి, వేడి తగ్గకముందే అరకప్పు పంచదార, అరచెంచా దాల్చిన చెక్క పొడి కలిపిన గిన్నెలో దొర్లించండి. చల్లారాక పంచదార పట్టుకోదు. గాడుల్లోకి పంచదార దూరి గరగరలాడుతుండగా, లోపల మెత్తగా ఉండగా తినేయాలి, రేపటికి దాచుకునే తిండి కాదు.

పొయ్యి మీట, మూకుడు మీద వంగకుండా చేయి అందేలా ఉందో లేదో మంట వెలిగించకముందే చూసుకోండి. పిల్లలు ఆ గట్టు దగ్గర ఉండకూడదు. కాగిన నూనె ఉన్న మూకుడును చేతుల్లోకి ఎత్తి పక్కకు మార్చొద్దు. నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, పొయ్యి కట్టేసి మూత పెట్టండి.

అంత చూసుకున్నా నూనె పడితే గాజులు, ఉంగరాలు వెంటనే తీసేసి, కాలినచోట పంపు కింద చల్లటి నీళ్లు 20 నిమిషాలు ధారగా పడనివ్వండి. టూత్‌పేస్టు, సిరా, వెన్న, ఐసు ఏదీ రాయకండి. బొబ్బలు చిదమకండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి డాక్టరుకు చూపించండి. ముఖం మీద గాని, అరచేతి కన్నా ఎక్కువ మేర గాని కాలితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.